అప్లై చేసినా కాల్ రావడం లేదా? లోపం ఎక్కడుందో ఇలా చూసుకోండి

"రెజ్యూమెలు ప్రింట్ తీసుకుని హైటెక్ సిటీలో కంపెనీ కంపెనీకీ తిరుగు, ఎవరో ఒకరు తీసుకుంటారు." అమీర్‌పేట హాస్టళ్లలో ఉండే పిల్లలకు ఇళ్ల నుంచి ఇప్పటికీ ఇదే సలహా వస్తోంది. పెద్దవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఒకప్పుడు అలా తిరిగి ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఇప్పుడు మాత్రం గేటు దగ్గర సెక్యూరిటీని దాటి ఆ కాగితం లోపలికి వెళ్లడమే కష్టం. అంతమాత్రాన మీ చదువు దండగని దిగులు పడకండి.

సమస్య: వందల చోట్ల అప్లై చేశాను, ఒక్క కాల్ లేదు.

కారణం: చాలాసార్లు మీ రెజ్యూమెను ఎవరూ చూసి ఉండరు. రిక్రూటర్ (కంపెనీ కోసం మనుషుల్ని వెతికేవాళ్లు) నౌకరీ, లింక్డిన్ లాంటి ఉద్యోగాల వెబ్‌సైట్లలో 'జావా, స్ప్రింగ్ బూట్, హైదరాబాద్' అని కావాల్సిన నైపుణ్యాలు, ఊరు కొట్టి వెతుకుతారు. ఆ మాటలు మీ ప్రొఫైల్లో లేకపోతే, మీకు ఆ పని తెలిసినా మీరు కనిపించరు. పైగా ఈమధ్య లాగిన్ అయినవాళ్లనే చూపించమని ఫిల్టర్ పెట్టుకునే వీలుంది. ఆర్నెల్ల క్రితం ప్రొఫైల్ పెట్టి వదిలేస్తే వెనక్కి పోతారు.

పరిష్కారం: మీకు నప్పే ఉద్యోగ ప్రకటనలు పది తీసుకుని, వాటిలో మళ్లీ మళ్లీ వస్తున్న నైపుణ్యాలు రాసుకోండి. వాటిలో నిజంగా వచ్చినవి అవే మాటల్లో రెజ్యూమెలో పెట్టండి. తండ్రి పేరు, ఫొటో, చివర డిక్లరేషన్ తీసేసి ఆ చోటు ప్రాజెక్టుకు ఇవ్వండి. తర్వాత పీడీఎఫ్‌లోని అక్షరాలన్నీ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. వరుస కలగాపులగమైతే రెజ్యూమెలు చదవడానికి కంపెనీ వాడే సాఫ్ట్‌వేర్ కూడా తప్పుగా చదవొచ్చు. రెండు కాలమ్‌ల డిజైన్ మానేసి మామూలుగా రాయండి. నేను చూసిన రెజ్యూమెల్లో ఎక్కువ ఇబ్బంది ఇక్కడే.

సమస్య: కంపెనీలో పనిచేస్తున్న తెలిసిన అన్నని అడిగితే "చూస్తాలే" అంటున్నాడు, అంతే.

కారణం: "ఏదైనా జాబ్ ఉంటే చూడన్నా" అంటే ఆయన చేయగలిగేది ఏమీ లేదు. రెఫర్ చేయాలంటే, అంటే తన కంపెనీకి మీ పేరు సిఫారసు చేయాలంటే, సాధారణంగా ఫలానా ఖాళీకి అని చెప్పాలి.

పరిష్కారం: ఆ కంపెనీ కెరీర్స్ పేజీలో జాబ్ ఐడీ (ఆ ఖాళీకి ఇచ్చిన నంబరు) మీరే వెతికి పంపండి: "అన్నా, ఈ ఐడీకి నేను సరిపోతాననుకుంటున్నాను. ఈ ప్రాజెక్టు చేశాను. రెజ్యూమె జత చేశాను, రెఫర్ చేయగలవా?" ఆయనకు ఐదు నిమిషాల పని. ముందే మీరు సొంతంగా అప్లై చేయకండి. చాలా కంపెనీల్లో తర్వాత చేసిన రెఫరల్ చెల్లదు.

సమస్య: ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టుకోమంటున్నారు.

ఈ మాట వినకండి, దయచేసి. యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని మీ పీఎఫ్ నంబరు) ద్వారా ఎక్కడ ఎప్పటినుంచి ఎప్పటిదాకా పనిచేశారో తెలిసిపోతుంది. చేరిన తర్వాత బయటపడినా ఉద్యోగం పోతుంది. ఉద్యోగానికి డబ్బు కట్టమన్నా అంతే, ఆగిపోండి. ఆన్‌లైన్‌లో కట్టి మోసపోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

సమస్య: కాల్స్ వస్తున్నాయి, మొదటి రౌండ్‌లోనే పోతోంది.

అయితే రెజ్యూమె పనిచేస్తోంది, దాన్ని కదపకండి. అడిగిన ప్రశ్నలు ఆ రోజే రాసుకుని, తడబడిన వాటికి జవాబు ఫ్రెండ్ ముందు బయటికి చెప్పి ప్రాక్టీస్ చేయండి.