యాత్రలో గారెల బండి, కొమ్ము దువ్వెనల కొట్టు

ఒడిశాలోని బరంపురంలో ఠాకురాణి యాత్ర, అంటే అమ్మవారి జాతర, రెండేళ్లకోసారి, చైత్రంలో వస్తుంది. ఎండలు ముదిరే వేళ కదా, రుబ్బిన పిండి ఇట్టే పులుస్తుంది. అందుకే గారెల బండి పెట్టేవాళ్లు పప్పంతా ఒకేసారి రుబ్బకండి. కిలో మినప్పప్పు నాలుగు గంటలు నానబెట్టి, నీళ్లు చిలకరిస్తూ గట్టిగా రుబ్బండి. రెండో కిలో జనం పెరిగాకే. ఉప్పు ఏ వాయికి ఆ వాయికి కలపాలి. ముందే వేస్తే పిండి నీరొదిలి, గారె నూనె తాగేస్తుంది. గిన్నెడు నీళ్లలో పిండి చుక్క వేస్తే తేలాలి. మునిగిందా, ఇంకాస్త గిలకొట్టండి. నూనె పొగలు కక్కితే గారె పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. వడ్డన అడ్డాకు దొన్నెల్లోనే. పేపరైతే సిరా అంటుతుంది.

పర్లాకిమిడి కొమ్ము దువ్వెనలు, కొంగబొమ్మలు అమ్మేవాళ్లు మాత్రం పొయ్యికి దూరంగా, నీడన కూర్చోవాలి. కొమ్మును వంచేదే వేడితో, ఆ వేడికే మళ్లీ వంకరపోతుంది. మసకబారితే చుక్క కొబ్బరినూనెతో మెత్తని గుడ్డపెట్టి రుద్దండి. ధరలు తెలుగులోనూ ఒడియాలోనూ రాసిపెడితే బేరమాడటం సగం తగ్గుతుంది. పది రూపాయల నోట్లు ఇంటి దగ్గరే సర్దుకోండి, రద్దీలో చిల్లర ఎవరూ ఇవ్వరు.