అచ్చు పరిశ్రమ లెక్కలు – 3వ పాఠం: జీతాల జోలికి పోకండి

ఈసారి పుస్తకాల ప్రెస్సుల్లోకి వెళ్దామనుకున్నాను. పోయిన పాఠంలో ఒక శుభలేఖల ప్రెస్సు నెలలో రాష్ట్ర ఉత్పత్తికి ఎంత విలువ చేర్చిందో కట్టమన్నాను. మీరు పంపిన జవాబులు చూశాక ఆ ఆలోచన మానుకున్నాను. ఎక్కువమంది లక్ష అన్నారు. సరైన జవాబు మూడు లక్షలు.

లెక్క మళ్లీ చూడండి. చెన్నై రాయపేటలో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సు ఉందనుకున్నాం. జీఎస్టీ కలపకుండా నెలకు 10,00,000 రూపాయల బిల్లులు. కార్డు, పేపరు 5,20,000. ఇంకు, ప్లేట్లు, కెమికల్స్ 60,000. కరెంటు 30,000. బయట చేయించిన లామినేషన్, డై కటింగ్ 70,000. రిపేర్లు 20,000. బిల్డింగు సొంతం, అద్దె గొడవ లేదు. ఖర్చు మొత్తం 7,00,000. మిగిలిన 3,00,000 ఆ ప్రెస్సు జీవీఏ (గ్రాస్ వాల్యూ యాడెడ్), అంటే రాష్ట్ర ఉత్పత్తికి అది చేర్చిన విలువ. అక్కడ ఆగాలి.

మీరు ఆగలేదు. జీతాలు 1,60,000, బ్యాంకు వడ్డీ 40,000 కూడా తీసేసి లక్షకు దిగారు. అది ఓనరు రాత్రి గల్లా దగ్గర కూర్చుని వేసుకునే లెక్క. మెషీన్‌మన్ జీతం బయట కొన్న సరుకు కాదు. ఆయన పని వల్లే ఆ విలువ పుట్టింది, అందులోంచే ఆయన వాటా ఆయనకు వెళ్లింది. బ్యాంకుకు వడ్డీ, ఓనరుకు లాభం, మెషీన్ తరుగుదల అన్నీ అలాగే ఆ మూడు లక్షల్లోంచి పోయే వాటాలే.

ఇంకా నమ్మకం కుదరకపోతే ఇది చూడండి. అవే జీతాలు, అదే వడ్డీ, కానీ తమిళుల ఆడి మాసం, ముహూర్తాలు లేవు, జీవీఏ 1,50,000 మాత్రమే వచ్చింది. ఓనరుకు 50,000 నష్టం. రాష్ట్రం లెక్కలో మాత్రం లక్షన్నర చేరుతుంది. మీ పద్ధతిలోనైతే మైనస్ పడాలి! అంతేకాదు, పని తగ్గకుండా ఇద్దరిని ఇంటికి పంపేసిన ప్రెస్సు రాష్ట్రానికి ఎక్కువ సంపాదించిపెట్టినట్టు తేలుతుంది. ఇంతకన్నా విడ్డూరం ఏముంటుంది?

జీఎస్టీ కలిపినవాళ్లకు ఒక్క మాట. పన్నులు ప్రెస్సు దగ్గర కలపరు. అన్ని రంగాల జీవీఏ కూడాక, సబ్సిడీలు పోను పన్నులు కలిపితే రాష్ట్ర స్థూల ఉత్పత్తి, అంటే జీఎస్‌డీపీ వస్తుంది.

కొందరు తెలివిగా పది లక్షల బిల్లుకు మూడు లక్షల జీవీఏ, అంటే 30 శాతం అని పట్టుకుని వీధి మొత్తానికి వర్తింపజేశారు. పక్కనున్నది జాబ్ వర్క్ ప్రెస్సు అయితే? పేపరు పార్టీయే తెచ్చుకుంటాడు. బిల్లు 2,50,000, ఖర్చు 90,000, జీవీఏ 1,60,000. అంటే 64 శాతం. మీ 30 శాతంతో 75,000 దగ్గరే ఆగిపోతారు. అందుకే నేను ప్రెస్సుకు వెళ్తే టర్నోవర్ అడగను, పేపరు ఎవరిదని అడుగుతాను. అది తెలిస్తే సగం లెక్క తేలినట్టే.

ఆ పేపరు విలువ ఎక్కడికీ పోదు. కరూర్ జిల్లా కాగితపురంలోని ప్రభుత్వ కాగితం మిల్లు టీఎన్‌పీఎల్‌లో తయారైతే తమిళనాడు లెక్కలోనే, కాకపోతే కాగితం పరిశ్రమ కింద చేరుతుంది. విదేశీ న్యూస్‌ప్రింట్ అయితే ఇక్కడ చేరదు. బయట చేయించిన లామినేషన్ మాత్రం అచ్చు పరిశ్రమే, ఆ షాపు జీవీఏని విడిగా కట్టాలి.

పట్టికల దగ్గర తొందరపడకండి. ఇప్పటిదాకా వచ్చిన పరిశ్రమల వార్షిక సర్వేల్లో ప్రధానంగా కరెంటుతో నడిచి కనీసం 10 మంది, కరెంటు లేకపోతే కనీసం 20 మంది పనిచేసే ఫ్యాక్టరీలే కనిపిస్తాయి. చెన్నై ట్రిప్లికేన్ సందుల్లో నలుగురైదుగురితో నడిచే ప్రెస్సులు అందులో ఉండవు. వాటికోసం కంపెనీలుగా నమోదు కాని సంస్థల సర్వే చూడాలి. పరిశ్రమల జాతీయ వర్గీకరణ ఒకటుంది. 2004 వర్గీకరణలో ప్రచురణ, ముద్రణ రెండూ 22వ విభాగంలో ఉండేవి. 2008లో ముద్రణ 18కి, ప్రచురణ 58కి వెళ్లాయి. పాత అంకె పక్కన కొత్తది పెట్టి అచ్చు పడిపోయిందని రాసేయకండి. వడపళనిలో ఒకప్పటి చందమామ లాగా సొంత ప్రెస్సులో సొంత పత్రిక వేసుకునే సంస్థ ఈ వర్గీకరణలో ప్రచురణ కిందకే వస్తుంది.

విలువ మెషీన్ ఉన్న చోటిది. ఆఫీసు మౌంట్ రోడ్డులో, మెషీన్లు శివకాశిలో అయితే చిక్కు లేదు, రెండూ తమిళనాడే. మెషీన్లు తడలో ఉంటే అది ఆంధ్రప్రదేశ్‌ది.

అభ్యాసం. చెన్నై పబ్లిషరు 4,00,000 పెట్టి కాగితపురం పేపరు కొని తడ ప్రెస్సుకు పంపాడు. అచ్చు బిల్లు 1,80,000, అందులో ప్లేట్లు, ఇంకు, కరెంటు 70,000, జీతాలు 65,000. బైండింగ్ ట్రిప్లికేన్‌లో, బిల్లు 60,000, గమ్, దారం, అట్ట 20,000. పబ్లిషరు సంగతి వదిలేయండి. 18వ విభాగంలో తమిళనాడుకు ఎంత, ఆంధ్రాకు ఎంత? పేపరు 4,00,000 ఏం చేశారు? ఏ అంకె ఎందుకు తీశారో పక్కన రాయండి. ఉత్త జవాబు పంపితే దిద్దను.