పాలిమర్ గొలుసులో దూరపు ముక్కల నెట్టుడును కొలవడం ఎలా?

పాలిమర్ అంటే చిన్న ముక్కలు వరుసగా అతుక్కున్న పొడవాటి గొలుసు అణువు. గొలుసు వరుసలో ఐదో ముక్కకూ ఐదువేలో ముక్కకూ చాలా దూరం. ద్రావణంలో గొలుసు మెలికలు తిరిగితే మాత్రం రెండూ పక్కపక్కకు రావచ్చు. వరంగల్ కొత్తవాడలో జంపఖానా నూలు చిక్కుపడినప్పుడు గజాల ఎడంలో ఉన్న చోట్లు ఒరుసుకున్నట్టే. ఒక ముక్క ఉన్న చోట ఇంకోటి పట్టదు కాబట్టి అవి నెట్టుకుంటాయి, ముద్ద ఉబ్బుతుంది.

టోలుయిన్‌లో పాలీస్టైరీన్ గొలుసుకు ఈ ఉబ్బు బాగా ఉంటుంది. సైక్లోహెక్సేన్‌లో 34.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ముక్కల మధ్య ఆకర్షణ ఆ నెట్టుడుకు సరిసమానమై, ఉబ్బు పోతుంది. అదే తీటా ఉష్ణోగ్రత. రెండింటినీ పోలిస్తే చాలు.

థర్మోకోల్ అంటే పాలీస్టైరీనే. శుభ్రమైన థర్మోకోల్‌ను టోలుయిన్‌లో కరిగించి వడగట్టండి. పది రెట్ల మిథనాల్‌లో కలుపుతూ సన్నధారగా పోస్తే తెల్లటి పాలిమర్ విడిపోతుంది. బరువు మారనంత వరకు ఆరబెట్టండి. మిథనాల్ మిగిలితే తూకం తప్పుతుంది, ఆ తర్వాతి లెక్కంతా పోతుంది. టోలుయిన్, సైక్లోహెక్సేన్, మిథనాల్ మూడూ తేలిగ్గా అంటుకుంటాయి. ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్‌హుడ్‌లోనే పని చేయండి, మంట వద్దు.

ఒక్కో ద్రావకంలో 0.5 గ్రాములు కరిగించి, బాత్ (వేడి మారకుండా ఉంచే నీటి తొట్టి) ఉష్ణోగ్రత దగ్గరే 50 మి.లీ. గీతకు నింపండి. సైక్లోహెక్సేన్ ఫ్లాస్కుకు మూత బిగించి, 45 డిగ్రీల వేడినీళ్లలో ఉంచి నెమ్మదిగా కరిగించాలి.

డైల్యూషన్ రకం ఉబ్బెలోడ్ విస్కోమీటర్‌లో (సన్నటి కేశనాళిక ఉన్న గాజు గొట్టం, అందులోనే ద్రావకం కలిపి పలుచన చేయొచ్చు) వడగట్టిన ద్రావణం 15 మి.లీ. పోసి, 15 నిమిషాలు ఆగి, ద్రావణం కేశనాళికలోంచి దిగే కాలం కొలవండి. తర్వాత అదే ద్రావకం 5, మళ్లీ 10 మి.లీ. కలిపి కొలవండి. ప్రతిసారీ మూడు రీడింగులు 0.2 సెకన్లలోపు కలవాలి. కలవకపోతే కేశనాళికలో దుమ్ము ఉందేమో చూడండి. ఒట్టి ద్రావకం కాలం 100 సెకన్లు దాటే గొట్టాన్నే ఎంచుకోండి.

మన దగ్గర అసలు చిక్కు వాతావరణంతోనే. మే నెలలో గది 40 దాటితే హీటరు ఒక్కటే ఉన్న బాత్ 34.5కు దిగదు, చల్లటి నీళ్లు తిరిగే కాయిల్ పెట్టాలి. చలికాలం పొద్దున చల్లటి పిపెట్‌లోకి తీస్తే సైక్లోహెక్సేన్ ద్రావణం మబ్బుగా మారుతుంది. పిపెట్‌నూ వెచ్చబెట్టండి.

ఒట్టి ద్రావకం కంటే పెరిగిన కాలాన్ని దాని కాలంతో, ఆపై గాఢతతో భాగించి గ్రాఫ్ గీయండి. గీతను సున్నా గాఢతకు పొడిగిస్తే అంతర్గత స్నిగ్ధత వస్తుంది. గొలుసు ముద్ద ఎంత ఘనపరిమాణం ఆక్రమిస్తుందో దాన్ని బట్టే ఈ విలువ ఉంటుంది. టోలుయిన్ విలువను సైక్లోహెక్సేన్ విలువతో భాగించి ఘనమూలం తీస్తే ఉబ్బు నిష్పత్తి దొరుకుతుంది. అణుభారం రెండు లక్షల దగ్గరుంటే విలువలు సుమారు 0.7, 0.37 (గ్రాముకు డెసిలీటర్లు), నిష్పత్తి 1.24 దాకా రావాలి. బాగా తగ్గితే ముందుగా బాత్ థర్మామీటరు చూడండి: 34.5 దాటితే సైక్లోహెక్సేన్‌లోనూ గొలుసు ఉబ్బడం మొదలవుతుంది.