చెన్నైలో ఓడ దిగే ముందు

వైజాగ్‌లో ఎక్కిన క్రూయిజ్ చెన్నైలో ఒక పగలు ఆగితే ఊరంతా చుట్టేయాలనిపిస్తుంది. దిగే ముందు ఇవి చూసుకోండి.

ముఖ్యమైనది టైం. ఓడ కదిలే టైం వేరు, అందరూ లోపల ఉండాల్సిన టైం వేరు. రెండోదే రాసుకోండి. సొంతంగా తిరిగేవాళ్ల కోసం ఓడ ఆగుతుందని అనుకోవద్దు. సాయంత్రం ప్యారిస్ కార్నర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే హార్బర్ కళ్లముందే ఉన్నా టెన్షన్ తప్పదు. కనీసం గంటన్నర ముందే వెనక్కి మళ్లండి.

ఓడవాళ్లు ఇచ్చిన కార్డు, ఒరిజినల్ ఆధార్ జేబులోనే ఉండాలి. బీపీ, షుగర్ మాత్రలు కూడా.

రెండు చోట్లకు మించి పెట్టుకోవద్దు. నా మాట వింటే మొదటిది ఎగ్మూరు మ్యూజియం. మన అమరావతి స్తూపం శిల్పాలు అక్కడున్నాయి. సున్నపురాతి పలకల మీద ఏనుగులు, పూలదండలు మోసే మనుషులు, స్తూపానికి మొక్కుతున్న జనం కనిపిస్తారు. తెలుగువాళ్లు తీరిగ్గా నిలబడి చూడాల్సిన చోటు. శుక్రవారం మాత్రం సెలవు. మైలాపూర్ కపాలీశ్వరుడి గుడి మధ్యాహ్నం మూసి, మళ్లీ నాలుగింటికి గానీ తెరవరు. అందుకే గుడికి పొద్దున్నే వెళ్లి, ఎండవేళ మ్యూజియంలో గడపండి.

ఆటో ఎక్కకముందే రేటు మాట్లాడుకోండి, లేదా యాప్‌లో బుక్ చేయండి.

మెరీనాలో నీళ్లలోకి దిగొద్దు. అలల లాగుడు ఎక్కువ, ఈతొచ్చినవాళ్లనీ లాగేస్తుంది. పిల్లలుంటే చెయ్యి వదలకండి.