పాత అకౌంట్లు మూసేటప్పుడు ముందు ఏది, చివర ఏది?

ఫోన్‌లోంచి యాప్ తీసేసినంత మాత్రాన అకౌంట్ పోదు. మీ పేరు, నంబర్, ఇంటి అడ్రస్ ఆ కంపెనీ దగ్గర అలాగే ఉంటాయి. మీరు మర్చిపోయినా, అక్కడ డేటా లీకైన రోజున మీవీ బయటికొస్తాయి. 2017లో జొమాటో నుంచి దాదాపు 1.7 కోట్ల మందివి, 2020లో బిగ్‌బాస్కెట్ నుంచి సుమారు 2 కోట్ల మందివి ఇలాగే పోయాయి. పాస్‌వర్డ్ కూడా పోతే, అదే పాస్‌వర్డ్ మీ మెయిల్‌కీ ఉందేమోనని ప్రయత్నించి చూడటం దొంగలు చేసే మొదటి పని. 2021లో అమెరికాలోని కొలోనియల్ పైప్‌లైన్ కంపెనీలోకి హ్యాకర్లు దూరింది ఎవరూ వాడని ఒక పాత వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి) అకౌంట్‌తోనే. దానికి ఓటీపీ లాంటి రెండో తాళం లేదు. పెట్రోలు సరఫరా కొన్ని రోజులు ఆగింది, కంపెనీ హ్యాకర్లకు 44 లక్షల డాలర్లు కట్టింది.

మూయడం మొదలుపెట్టేముందు ఫోన్ నంబర్ సంగతి చూడండి, నా లెక్కలో అసలు ప్రమాదం అక్కడే ఉంది. మన దగ్గర రీఛార్జ్ చేయక సిమ్ కట్ అయితే, ఆ తర్వాత 90 రోజులు గడిచాక కంపెనీ ఆ నంబర్‌ను ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. ఆ కొత్త మనిషి మంచివాడే కావొచ్చు, కానీ మీ పాత ఫేస్‌బుక్‌కో షాపింగ్ అకౌంట్‌కో ఓటీపీ వెళ్లేది అతని ఫోన్‌కే. చదువుకో ఉద్యోగానికో అమెరికా, దుబాయ్ వెళ్లి ఇక్కడి సిమ్‌ను వదిలేసినవాళ్లకు ఈ టెన్షన్ మరీ ఎక్కువ. బ్యాంకు, ఆధార్, పీఎఫ్, వాట్సాప్ అన్నింట్లో నంబర్ మార్చుకున్నాకే పాత సిమ్ వదలండి, అప్పటిదాకా చిన్న రీఛార్జ్ అయినా చేస్తూ ఉండండి.

తర్వాత మెయిల్. ఎంసెట్ అప్లికేషన్ కోసమో గ్రూప్స్ కోసమో నెట్ సెంటర్‌లో కూర్చుని చేయించుకున్న మెయిల్ ఐడీలు మనలో చాలామందికి ఉన్నాయి. పాస్‌వర్డ్ అక్కడి అబ్బాయే పెట్టి ఉంటాడు, రికవరీ నంబర్ కూడా ఒక్కోసారి ఆ షాపుదే ఉంటుంది. అలాంటిది ఉంటే ఇవాళే తెరిచి పాస్‌వర్డ్, రికవరీ నంబర్ మార్చి, టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ లాంటిది కూడా అడిగే రెండో తాళం) పెట్టండి. కానీ డిలీట్ మాత్రం చేయకండి, ఎందుకంటే మిగతా అకౌంట్లలోకి వెళ్లడానికి మీకు అదే దారి.

ఎక్కడెక్కడ అకౌంట్లు ఉన్నాయో గుర్తులేకపోతే ఆ మెయిల్‌లోనే వెల్‌కమ్, వెరిఫై, రిజిస్ట్రేషన్ అని ఇంగ్లీషులో వెతకండి, ఎప్పుడో మర్చిపోయినవి బోలెడు బయటపడతాయి. క్రోమ్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌ల జాబితా కూడా చూడండి. సైబర్ సెక్యూరిటీ నిపుణుడు ట్రాయ్ హంట్ నడిపే హ్యావ్ ఐ బీన్ పోన్డ్ (haveibeenpwned.com) సైట్‌లో మెయిల్ ఐడీ కొడితే ఏ లీకుల్లో మీ వివరాలు పోయాయో ఉచితంగా చెబుతుంది. ఇలా వెతకడానికి పాస్‌వర్డ్ అడిగే సైట్ ఏదైనా ఎదురైతే వెంటనే బయటికొచ్చేయండి.

ఇక మూయడం. ముందు సేవ్ చేసిన కార్డు, అడ్రస్ తీసేయండి, కావలసిన ఫొటోలు దింపుకోండి, అప్పుడు సెట్టింగ్స్‌లో డిలీట్ అకౌంట్ నొక్కండి. ఫేస్‌బుక్‌లో డీయాక్టివేట్ వేరు, డిలీట్ వేరు; డీయాక్టివేట్ అంటే తాత్కాలికంగా ఆపడమే, డేటా అలాగే ఉంటుంది. డిలీట్ పెట్టాక 30 రోజుల గడువు ఉంటుంది. ఆలోపు పోయిందో లేదో చూద్దామని లాగిన్ అవ్వకండి, డిలీట్ ఆగిపోవచ్చు. డిలీట్ బటనే లేని సైట్లూ ఉన్నాయి, అక్కడ వివరాలు ఖాళీ చేసి, ఇంకెక్కడా వాడని పొడవాటి పాస్‌వర్డ్ పెట్టి, కస్టమర్ కేర్‌కు మెయిల్ రాయండి.

పాత మెయిల్ ఐడీ వంతు అన్నిటికన్నా చివర. ఈలోగా నెలకోసారైనా తెరుస్తూ ఉండండి, రెండేళ్లు ముట్టుకోని అకౌంట్లను గూగుల్ తనంతట తానే తీసేయొచ్చు. కాలేజీ, ఆఫీసు ఇచ్చిన మెయిల్‌తో అకౌంట్లు తెరిచి ఉంటే ఇంత వ్యవధి కూడా దొరకదు, బయటికొచ్చే ముందే వాటిని సొంత మెయిల్‌కు మార్చుకోవాలి.