తుఫాన్ల సీజన్‌కి ముందు: పడవలో లాంతరుకీ స్టవ్‌కీ పోసే కిరోసిన్ విషయంలో జాగ్రత్తలు

పోయిన వారం పులికాట్ ఒడ్డున ఒక ఊళ్లో, పడవ మీద స్టవ్ వెలిగిస్తుంటే మంట ఎగిసి ఒక కుర్రాడికి రెండు చేతులూ మెడా కాలాయి. తిరుపతి రుయా ఆస్పత్రిలో ఉన్నాడు, ప్రాణానికి భయం లేదన్నారు. ఆ పంపు స్టవ్‌ని మరుసటి రోజు వాళ్ల బాబాయి నా రిపేర్ షాపుకి తెచ్చి, "బర్నర్ పోయిందేమో చూడన్నా" అన్నాడు. బర్నర్‌కి ఏమీ కాలేదు. పిన్ను నేరుగా దిగుతోంది, వాషర్ కొత్తది. టాంకీ మూత తిప్పగానే పెట్రోలు వాసన గుప్పుమంది. కొంచెం తెల్ల సాసర్‌లో వంచి నీడన పెట్టాను. పైపైన కొంత చూస్తుండగానే ఎగిరిపోయింది. మిగతాది నెమ్మదిగా ఆరాక సాసర్ అడుగున పచ్చటి జిడ్డు మిగిలింది. ఆ జిడ్డు ఇంజన్‌కి కలిపే టూటీ ఆయిల్. ఇంజన్ డబ్బాలోది స్టవ్‌లోకి వచ్చిందన్నమాట.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను అప్పుడు సూళ్లూరుపేట, తడ వైపు వాన ఎలా కొట్టిందో ఎవరూ మర్చిపోలేదు. కరెంటు పోతుంది, అటక మీది లాంతర్లు కిందికి దిగుతాయి. అగ్గిపెట్టె పిల్లలకు అందకుండా పెట్టండి లాంటివి మీకు నేను చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఒక్కటుంది, అదే మళ్లీ మళ్లీ చెబుతాను: ఇంజన్ డబ్బాలోది లాంతరులోకీ స్టవ్‌లోకీ పోయొద్దు.

ఎందుకంత ప్రమాదం

కిరోసిన్‌తో నడిచే అవుట్‌బోర్డ్ ఇంజన్‌ని ముందు పెట్రోలుతో స్టార్ట్ చేసి, వేడెక్కాక కిరోసిన్‌కి మారుస్తారు. టూ స్ట్రోక్ అయితే అందులో ఆయిల్ కూడా కలుపుతారు. కాబట్టి పడవలో కిరోసిన్, పెట్రోలు, కలిపిన ఆయిల్ మూడూ పక్కపక్కనే ఉంటాయి. డబ్బాలు కూడా ఒకే రకం, ఒకే రంగు. పెట్రోలు అయిపోయిన డబ్బాలోనే మర్నాడు కిరోసిన్ పట్టించుకొస్తారు. కడిగామంటారు. కడిగినా అంచుల్లో, మూత లోపలి వాషర్‌లో పెట్రోలు మిగులుతుంది.

కిరోసిన్ మంట అందుకునేంత ఆవిరి ఇవ్వాలంటే అది కనీసం 35 డిగ్రీల వేడెక్కాలి, మన ప్రమాణాల్లో ఉన్న హద్దు అదే. పెట్రోలు సున్నాకి నలభై డిగ్రీల కింద కూడా ఆ ఆవిరి ఇస్తుంది. అందుకే చట్టంలో కూడా పెట్రోలు ‘A’ తరగతి (ఎక్కువ ప్రమాదమైనది), కిరోసిన్ దాని తర్వాతి ‘B’ తరగతి. కిరోసిన్‌లో పెట్రోలు కొంచెం కలిసినా ఆ హద్దు బాగా కిందికి జారిపోతుంది. వత్తుల స్టవ్‌లో టాంకీ వేడెక్కేసరికి లోపలి ఖాళీ అంతా మండే ఆవిరితో నిండుతుంది. పంపు స్టవ్‌లో గాలి ఒత్తిడి కూడా తోడై మంట బర్నర్ దాటి బయటికి ఎగజిమ్ముతుంది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. ఇంట్లో అయితే తలుపు తీస్తే కొంత పోతుంది. పడవలో అడుగుపలకల కింద చేరి కూర్చుంటుంది, మీరు అగ్గిపుల్ల గీసేది దాని మీదే.

అచ్చమైన కిరోసిన్ కూడా అమాయకమైనదేం కాదు. మే నెలలో ఎండలో పెట్టిన నల్ల డబ్బా లోపల 35 ఎప్పుడో దాటేస్తుంది. నీడన పెట్టండి.

ఎక్కడ, ఏది కొనాలి

రేషన్ షాపుల్లో కిరోసిన్ ఆగిపోయాక చాలామంది లూజుగా అమ్మేవాళ్ల మీదే ఆధారపడుతున్నారు. తప్పు కొనేవాళ్లది కాదు, దొరికేది అదే. అయినా లైసెన్సున్న డీలర్ తిరుపతిలోనో గూడూరులోనో ఉన్నాడేమో కనుక్కుని, నెలకి సరిపడా ఒకేసారి తెచ్చుకోవడం మేలు. నీలం రంగుది రేషన్ కోసం రంగు కలిపింది. అది బయట లూజుగా అమ్ముతున్నారంటే ఎక్కడి నుంచో దారి తప్పి వచ్చిందని అర్థం, మధ్యలో ఎన్ని చేతులు మారిందో, ఏమేం కలిసిందో ఎవరికీ తెలీదు. తెల్ల కిరోసిన్ నీళ్లలా తేటగా ఉండాలి. మసకగా ఉంటే నీళ్లు కలిసినట్టు, పసుపుగా ఉంటే డీజిల్ అనుమానించండి. డీజిల్ కలిస్తే మంట ఎర్రబడుతుంది, మసి పడుతుంది, బర్నర్ పూడుకుపోతుంది.

విదేశీ పడవల పుస్తకాల్లో, వీడియోల్లో పారఫిన్ అంటుంటారు. బ్రిటన్‌లో ఆ మాటకి అర్థం మన కిరోసినే. మెడికల్ షాపులో పారఫిన్ అడిగితే ఇచ్చేది విరేచనానికి తాగే చిక్కటి నూనె, అది వత్తి పైకి సరిగ్గా ఎక్కదు, సరిగ్గా మండదు. పెయింట్ షాపులో దొరికే థిన్నర్, టర్పెంటైన్ అయితే కిరోసిన్ కంటే తేలిగ్గా అంటుకుంటాయి, వాటి జోలికి పోవద్దు. అలంకరణ దీపాల కోసం అమ్మే సెంటు, రంగు కలిపిన నూనె పంపు స్టవ్‌కి పనికిరాదు.

పెట్రోలు కలిసిందో లేదో చూడ్డానికి తెల్ల కాగితం మీద ఒక చుక్క, పక్కనే నమ్మకమైన కిరోసిన్ చుక్క ఇంకొకటి వేయండి. మీది ముందే ఆరిపోతుంటే పక్కన పెట్టేయండి. కానీ ఒక మాట గట్టిగా గుర్తుంచుకోండి. కలిసింది కొంచెమే అయితే కాగితం పట్టుకోలేదు, ముక్కూ పట్టుకోలేదు. అగ్గిపుల్ల వేసి చూద్దామనే పాత పద్ధతి అసలొద్దు. ఇంట్లో చేసే ఏ పరీక్షా పూర్తిగా నమ్మదగింది కాదు కాబట్టే మన చేతిలో ఉన్నది డబ్బా ఒక్కటే. స్టవ్ డబ్బా వేరు, ఇంజన్ డబ్బా వేరు.

డబ్బాలు

స్టవ్‌కి కొత్త డబ్బా కొనండి. ఇంజన్ డబ్బాకి ఎర్ర రంగు పూయండి. చీకట్లో, వానలో రంగు కనిపించదు, అందుకే స్టవ్ డబ్బా పిడికి నైలాన్ తాడు మూడు చుట్లు చుట్టి ముడేయండి, చేత్తో తడిమితే తెలియాలి. గరాటు కూడా వేరే. ఇంజన్‌కి వాడిన గరాటుతో స్టవ్‌లో పోస్తే డబ్బాలు వేరు చేసి ప్రయోజనం లేదు. ఒకటి పడవ ముందు భాగంలో, ఇంకొకటి వెనక. కొత్తగా కూలికి వచ్చినవాడికి ఎక్కగానే రెండు డబ్బాలూ చేత్తో పట్టించి చూపించండి. ఆ కుర్రాడికి ఎవరూ చూపించలేదు.

ఇక మిగతావి, తోచిన వరుసలో:

- నీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో కిరోసిన్ పోయొద్దు. పిల్లలు తాగేస్తారు.
- తాగితే వాంతి చేయించొద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతే తాగినదానికంటే ప్రమాదం. వెంటనే 108.
- మండుతున్న స్టవ్‌లో, వెలుగుతున్న లాంతరులో పోయొద్దు.
- ఆపాక కూడా చల్లారేదాకా ఆగండి. చేత్తో ముట్టుకుని చూడండి, చురుక్కుమంటే ఇంకా ఆగండి.
- పంపు స్టవ్ మూత తీసేముందు గాలి వదలండి.
- టాంకీ నిండా పోయొద్దు. ముప్పాతిక చాలు.
- బర్నర్ వేడెక్కకుండా పంపు కొట్టొద్దు. కిరోసిన్ ఆవిరి కాకముందే ద్రవంగా చిమ్మి మంట లేస్తుంది.
- బర్నర్‌ని ముందు వేడి చేయడానికి పెట్రోలు వాడొద్దు. డీనేచర్డ్ స్పిరిట్ వాడండి.
- వత్తులు అన్నీ ఒకే ఎత్తు. ఒక గొట్టంలో వత్తి లేకపోతే ఆ స్టవ్ వెలిగించొద్దు. ఆ కంతలోంచి మంట టాంకీలోకి దిగుతుంది.
- పడవ ఊగుతుంటే వంట ఆపేయండి. అటుకులు తినండి.
- వానకి పట్ట కప్పుకుని లోపల స్టవ్ వెలిగించొద్దు, లాంతరు పెట్టుకుని నిద్రపోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. తలనొప్పి, వికారం మొదలైతే పట్ట తీసి బయటికి రండి.
- వెలుగు కోసమైతే సోలార్ లైటు తీసుకెళ్లండి. లాంతరు దానికి తోడు మాత్రమే.
- నైలాన్ చొక్కాతో, లుంగీ అంచు వేలాడుతూ వెలిగించొద్దు.
- ఒక బకెట్ ఇసుక, ఒక తడి గోనెసంచి. స్టవ్ దగ్గర, చేతికందేలా.
- నూనె మంట మీద నీళ్లు కొట్టొద్దు. గోనె కప్పండి.
- ఒళ్లు కాలితే మంచినీళ్లు, ధారగా, 20 నిమిషాలు. పేస్టు, ఇంకు, పసుపు ఏవీ పూయొద్దు. బొబ్బలు చిదమొద్దు.
- సముద్రంలో ఆపదొస్తే కోస్ట్‌గార్డ్ 1554. ఒడ్డున 112. నంబర్లు పడవ పలక మీద పెయింటుతో రాయండి, ఫోన్ తడిసిపోవచ్చు.
- వాతావరణ శాఖ వద్దంటే తూపిలిపాళెం నుంచైనా, బీవీ పాళెం నుంచైనా పడవ తీయొద్దు.
- స్టవ్‌లో కిరోసిన్ అయిపోయి, డబ్బా కూడా ఖాళీ అయితే ఆ పూట పొయ్యి వెలిగించొద్దు. ఇంజన్ డబ్బా వైపు చూడొద్దు. "కొంచెమే కదా, టీ వరకే" అన్నా సరే, పోయొద్దు.
- ఇది చదువుతున్నవాళ్లు ఇవాళే వెళ్లి మీ పడవలో డబ్బాల మూతలు తీసి వాసన చూడండి. ఏది ఏదో చెప్పలేకపోతే దాన్ని ఇంజన్‌కి కేటాయించి, స్టవ్‌కి కొత్తది కొనండి.