వారం వారం ఎన్ఎఫ్ఎల్ అంచనా, మూడో పాఠం: గెలుపుల లెక్క పక్కన పెట్టి పాయింట్ల తేడా పట్టుకోండి

మొదటి రెండు పాఠాలు చదివి నోట్‌బుక్ మొదలుపెట్టినవాళ్ళు ఈపాటికి 32 టీమ్‌ల పేర్లు, ఎవరు ఏ డివిజన్, ఎవరికి ఏ వారం బై (ఆట లేని సెలవు వారం) అనేది రాసుకునే ఉంటారు, రాయనివాళ్ళు ముందు ఆ పని చేసి రండి, ఎందుకంటే అసలు లెక్క ఇవాళే మొదలవుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ఒక్క మాట. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే అమెరికావాళ్ళ ఫుట్‌బాల్, ఎన్ఎఫ్ఎల్ అంటే దాని ప్రొఫెషనల్ లీగ్, 2021 నుంచి ఒక్కో టీమ్‌కి 17 మ్యాచ్‌లు, మొత్తం 18 వారాలు, బైలు లేని వారమైతే 16 మ్యాచ్‌లు. ఆఫీసు పూల్‌లో (తోటివాళ్ళంతా కలిసి ఆడే అంచనాల పోటీలో) ఆ 16 మ్యాచ్‌లకీ ఎవరు గెలుస్తారో ఆట మొదలవ్వకముందే రాసివ్వాలి, కాన్ఫిడెన్స్ పూల్ అయితే బాగా నమ్మకమున్న మ్యాచ్‌కి 16, అస్సలు నమ్మకం లేనిదానికి 1, ఇలా పాయింట్లు పంచాలి. డబ్బు పందెం గురించి నేను రాయట్లేదు, రాయను కూడా. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రాలో 2020 నుంచి ఆన్‌లైన్ పందేల మీద నిషేధం ఉంది, అదలా ఉంచినా ఈ లెక్క వేసుకుని ఆట చూడటంలో ఉన్న ఆనందానికి డబ్బుతో పనిలేదు.

సరే, పాఠంలోకి వద్దాం. కొత్తవాళ్ళు అందరూ చేసేది ఏంటంటే స్టాండింగ్స్ (గెలుపోటముల పట్టిక) తెరిచి ఎవరు ఎక్కువ గెలిచారో చూసి వాళ్ళ పేరు రాసేస్తారు. 10-3 వాళ్ళు (10 గెలిచి 3 ఓడినవాళ్ళు), 6-7 వాళ్ళు ఆడుతుంటే ఇంకేముంది 10-3 వాళ్ళే అనేస్తారు. నేనూ మొదటి సీజన్ అంతా అలాగే రాశాను. ఆ అలవాటు మాన్పించడమే ఈ పాఠం పని.

2022లో మిన్నెసోటా వైకింగ్స్‌ని తీసుకుందాం, దీనికంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఆ ఏడాది వాళ్ళు 13 గెలిచారు, 4 ఓడారు. చూడ్డానికి మేడిపండు. ఇప్పుడు విప్పి చూద్దాం, పెన్ను తీసుకుని నాతోపాటు రాయండి. గెలిచిన 13 మ్యాచ్‌లలో తేడాలు వరసగా ఇవి: 16, 4, 3, 7, 8, 8, 3, 3, 7, 5, 3, 3, 16. కూడితే 86. ఓడిన నాలుగింట్లో తేడాలు: 17, 37, 11, 24. కూడితే 89. అంటే సీజన్ మొత్తం మీద వాళ్ళు వేసింది 424, ప్రత్యర్థులకి ఇచ్చింది 427, తేడా మైనస్ 3. పదమూడు గెలిచిన టీమ్ ఏడాది మొత్తం మీద ప్రత్యర్థుల కంటే మూడు పాయింట్లు తక్కువ వేసిందన్నమాట! ఎనిమిది పాయింట్లలోపు తేడాతో ముగిసిన మ్యాచ్‌లు 11 ఉంటే 11కి 11 వాళ్ళే గెలిచారు.

మరి దగ్గర మ్యాచ్‌లు గెలవడం కూడా ఒక టాలెంటే కదా అని మీకు అనిపించొచ్చు. కొంత ఉండొచ్చు, కానీ చాలా తక్కువ. ఆ సీజన్ నవంబర్‌లో బఫెలోలో బఫెలో బిల్స్ టీమ్‌తో వైకింగ్స్ ఆడిన మ్యాచ్ చూడండి. ఆట అయిపోవడానికి నిమిషం కూడా లేదు, బఫెలో లీడ్‌లో ఉంది, బంతి వాళ్ళ దగ్గరే, కాకపోతే సొంత గోల్ లైన్‌కి ఆనుకుని ఉన్నారు. ఒక్క స్నాప్ (ఆట మొదలుపెడుతూ సెంటర్ అనే ఆటగాడు వెనక్కి అందించే బంతి) సరిగ్గా పట్టుకుని రెండడుగులు ముందుకు తోస్తే మ్యాచ్ దాదాపు అయిపోయినట్టే. సెంటర్ కాళ్ళ మధ్య నుంచి బఫెలో క్వార్టర్‌బ్యాక్ (ఆటని నడిపిస్తూ పాస్‌లు వేసేవాడు) జోష్ ఆలెన్ చేతికి రావాల్సిన బంతి జారింది, వైకింగ్స్ డిఫెన్స్ ఆటగాడు ఎరిక్ కెండ్రిక్స్ ఎండ్ జోన్‌లో (గోల్ లైన్ అవతలి భాగంలో) దాని మీద పడిపోయాడు, టచ్‌డౌన్, అంటే ఆరు పాయింట్లు. ఓవర్‌టైమ్‌లో వైకింగ్స్ 33-30తో గెలిచారు. ఫంబుల్ అయిన (చేజారిన) బంతి ఎవరికి దొరుకుతుందనేది ఇంచుమించు బొమ్మా బొరుసే. ఆ బొరుసు వచ్చే వారం కూడా వీళ్ళకే పడుతుందని రాసుకోవడానికి ఆధారం ఏమీ లేదు. పాయింట్ల తేడా మాత్రం అలా కాదు, అది ప్రతి మ్యాచ్‌లో అరవై నిమిషాల ఆటని లెక్కలోకి తీసుకుంటుంది, అందుకే రాబోయే ఆటల గురించి గెలుపుల కన్నా అదే ఎక్కువ చెబుతుంది.

ఇప్పుడు పద్ధతి. ప్రతి టీమ్‌కి ఒక నంబర్ కట్టాలి. వేసిన పాయింట్లలోంచి ఇచ్చిన పాయింట్లు తీసెయ్యండి, వచ్చినదాన్ని ఆడిన మ్యాచ్‌ల సంఖ్యకి ఐదు కలిపి దాంతో భాగించండి. ఆ ఐదు ఎందుకంటే, సీజన్ మొదట్లో రెండు మూడు మ్యాచ్‌లతో వచ్చే నంబర్లు నిజం కంటే బాగా ఉబ్బి ఉంటాయి, ఐదు డ్రా మ్యాచ్‌లు ఉత్తుత్తిగా కలిపినట్టు చేస్తే ఆ ఉబ్బు దిగుతుంది. అన్నం అయితే ఒక్క మెతుకు పట్టుకుని చూస్తే ఉడికిందో లేదో తెలిసిపోతుంది, ఈ ఆటలో ఒక్క మ్యాచ్ పట్టుకుని చూస్తే ఏమీ తెలీదు. ఐదే ఎందుకు, నాలుగో ఆరో ఎందుకు కాకూడదు అంటే అది నేను వాడీ వాడీ సరిపెట్టుకున్న అంకె, మీరు మార్చుకోవచ్చు, కానీ సీజన్ మధ్యలో మార్చకండి.

ఊరికే ఒక లెక్క వేద్దాం. ఎ అనే టీమ్ ఎనిమిది మ్యాచ్‌లలో 210 వేసి 164 ఇచ్చింది, తేడా ప్లస్ 46, దాన్ని 13తో (ఎనిమిదికి ఐదు కలిపి) భాగిస్తే సుమారు 3.5. బి అనే టీమ్ 150 వేసి 176 ఇచ్చింది, మైనస్ 26, దాన్ని 13తో భాగిస్తే మైనస్ 2. రెండింటి మధ్య 5.5. మ్యాచ్ బి వాళ్ళ గ్రౌండ్‌లో అయితే సొంత గ్రౌండ్ బలం కింద బికి 2 ఇవ్వండి, మిగిలింది 3.5, అంటే ఎ 3.5 పాయింట్లతో గెలవాలి అని మన అంచనా.

సొంత గ్రౌండ్‌కి పాత రోజుల్లో 3 పాయింట్లు లెక్కపెట్టేవాళ్ళు, నేను 2కి దిగాను. 2020లో కోవిడ్ వల్ల స్టేడియాలు చాలావరకు ఖాళీగా ఉన్న సీజన్‌లో సొంత గ్రౌండ్ టీమ్‌లు 127 గెలిచి 128 ఓడాయి, ఒకటి టై. అరుపులు లేకపోతే ఆ బలం ఎంత పలచబడుతుందో దాన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. జనం తిరిగొచ్చాక బలం కూడా తిరిగొచ్చింది కానీ పాత మూడు మాత్రం ఇవ్వబుద్ధి కావట్లేదు.

పాయింట్లని శాతంగా మార్చడం ఇవాళ్టి పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైనది, ఇది రాకపోతే మిగతాదంతా వేస్ట్. హాల్ స్టెర్న్ అనే స్టాటిస్టిక్స్ ఆయన 1991లో చూపించిందేంటంటే, బుకీలు (పందేలు కట్టించుకునేవాళ్ళు) ఇచ్చిన అంచనా తేడాకీ అసలు వచ్చిన తేడాకీ మధ్య చెదురు (స్టాండర్డ్ డీవియేషన్) సుమారు 14 పాయింట్లు ఉంటుంది. అంటే మీరు 3 పాయింట్లతో గెలుస్తారు అన్న టీమ్ 17తో గెలిచినా, 11తో ఓడినా వింతేమీ లేదు. ఆ లెక్క మీద తేలిక సూత్రం ఇది: 50తో మొదలుపెట్టి ఒక్కో పాయింట్‌కి 3 శాతం కలపండి. 2 పాయింట్లకి 56, మూడున్నరకి సుమారు 60, 7కి సుమారు 70. ఏడు దాటాక అంత వేగంగా పెరగదు, 10కి 77, 14కి 85 వేసుకోండి. ఇందాకటి ఎ టీమ్‌కి 60 శాతం. పేరు పక్కన శాతం రాయకుండా వట్టి పేరు రాస్తే ఈ విద్య ఎప్పటికీ రాదు, దయచేసి ఇది మాత్రం వదిలెయ్యకండి.

ఇప్పుడు ఇదే పద్ధతిని పాత మ్యాచ్ మీద పెట్టి చూద్దాం. 2023 జనవరి 15, ప్లేఆఫ్స్ (సీజన్ తర్వాత ఓడినవాళ్ళు ఇంటికెళ్ళే నాకౌట్ మ్యాచ్‌లు), 13-4 వైకింగ్స్ సొంత గ్రౌండ్‌లో న్యూయార్క్ జెయింట్స్‌తో. జెయింట్స్ రికార్డ్ 9-7-1 (చివరిది టై), వేసింది 365, ఇచ్చింది 371, మైనస్ 6. పదమూడు ఎక్కడ తొమ్మిది ఎక్కడ అనిపిస్తుంది కదా. మన లెక్క వెయ్యండి. వైకింగ్స్ మైనస్ 3 ని 22తో భాగిస్తే సుమారు మైనస్ 0.1, జెయింట్స్ మైనస్ 6 ని 22తో భాగిస్తే సుమారు మైనస్ 0.3. రెండూ ఒకటే! సొంత గ్రౌండ్ 2 కలిపితే వైకింగ్స్‌కి 2 చిల్లర, అంటే 56, 57 శాతం. అంతకు మూడు వారాల ముందే ఇదే గ్రౌండ్‌లో ఇవే టీమ్‌లు ఆడితే ఆఖరి క్షణంలో 61 గజాల ఫీల్డ్ గోల్‌తో (బంతిని కాలితో తన్ని గోల్ స్తంభాల మధ్య నుంచి వేసే 3 పాయింట్లు) వైకింగ్స్ 27-24తో బయటపడ్డారు. ప్లేఆఫ్ మ్యాచ్ 31-24తో జెయింట్స్ గెలిచారు. వైకింగ్స్ చివరి ఛాన్స్ ఫోర్త్ డౌన్ (నాలుగో, ఆఖరి ప్రయత్నం), ఎనిమిది గజాలు కావాలి, వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ కర్క్ కజిన్స్ మీదకి డిఫెన్స్ దూసుకొస్తుంటే టీజే హాకెన్సన్‌కి బంతి వేశాడు, మూడు గజాల దగ్గరే పట్టేశారు. మన లెక్క జెయింట్స్ గెలుస్తారని చెప్పలేదు, ఈ మ్యాచ్ మీద పెద్ద పాయింట్లు పెట్టొద్దని చెప్పింది. కాన్ఫిడెన్స్ పూల్‌లో 16 పెట్టే మ్యాచ్‌కి, 3 పెట్టే మ్యాచ్‌కి తేడా ఇక్కడే పట్టుకోవాలి.

నంబర్లకి అందనివి కొన్ని ఉంటాయి. మొదటిది క్వార్టర్‌బ్యాక్. మిగతా ఎవరికి దెబ్బ తగిలినా నేను అర పాయింట్, ఒక పాయింట్ కంటే కదలను, మంచి క్వార్టర్‌బ్యాక్ లేకపోతే మాత్రం 5 తీసేస్తా. ఇంజ్యురీ రిపోర్ట్ ఆదివారం మ్యాచ్‌లకి బుధ, గురు, శుక్రవారాల్లో వస్తుంది, అవుట్ (ఆడడు), డౌట్‌ఫుల్ (ఆడకపోవచ్చు), క్వశ్చనబుల్ (చెప్పలేం) అని రాస్తారు, ప్రాబబుల్ (దాదాపు ఆడతాడు) అనేది 2016లో తీసేశారు. అసలు ఎవరు ఆడట్లేదో ఖాయంగా తెలిసేది ఆటకి 90 నిమిషాల ముందు. ఇండియా నుంచి ఫాలో అయ్యేవాళ్ళకి ఆదివారం మొదటి మ్యాచ్‌లు అక్టోబర్‌లో రాత్రి పదిన్నరకి, నవంబర్ మొదట్లో అక్కడ గడియారాలు వెనక్కి జరిగాక పదకొండున్నరకి మొదలవుతాయి, కాబట్టి భోజనం చేశాక ఒకసారి ఆ లిస్ట్ చూసి పడుకోవచ్చు. క్వార్టర్‌బ్యాక్ పోయాడు కదా అని ఆ టీమ్‌ని సున్నా కూడా చెయ్యకండి. 2023 సెప్టెంబర్ 11న క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్ న్యూయార్క్ జెట్స్ తరఫున నాలుగు స్నాప్‌లు ఆడి మడమ దగ్గర ఎకిలీస్ స్నాయువు తెగి వెళ్ళిపోయాడు, అయినా అదే రాత్రి జెట్స్ బఫెలోని ఓవర్‌టైమ్‌లో 22-16తో ఓడించారు. సీజన్ చివరికి మాత్రం 7-10.

రెండోది గాలి. వాన, మంచు గురించి అందరూ కంగారు పడతారు గానీ ఆటని మార్చేది గాలి. 2021 డిసెంబర్ 6 రాత్రి బఫెలోలో గాలి ఎంతలా కొట్టిందంటే పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ మాక్ జోన్స్ మ్యాచ్ మొత్తం మీద మూడే పాస్‌లు వేశాడు, 14-10తో గెలిచారు కూడా. స్కోర్లు తగ్గితే బలమైన టీమ్ తన బలం చూపించే అవకాశం కూడా తగ్గుతుంది, అందుకని గాలి గట్టిగా ఉంటే నా శాతాన్ని 50 వైపు రెండు మూడు జరుపుతా.

అన్నీ అయ్యాక బుకీల లైన్ (ఎవరు ఎన్ని పాయింట్లతో గెలుస్తారని వాళ్ళ అంచనా) ఒకసారి చూడండి, ముందు మాత్రం చూడొద్దు, చూస్తే మీ లెక్క దానివైపే లాగుతుంది. మీ నంబర్‌కీ దానికీ మూడు పాయింట్ల కంటే ఎక్కువ తేడా ఉంటే వాళ్ళకి తెలిసిందేదో మీకు తెలీలేదని అర్థం, ఎక్కువసార్లు అది దెబ్బ తగిలిన ఆటగాడి కబురే అయ్యుంటుంది. లైన్ ప్రకారం ఫేవరెట్ అయిన టీమ్ మూడింట రెండు సార్లు గెలుస్తుంది. కాబట్టి 16లో పది, పదకొండు కరెక్ట్ అయితే మీరు బాగా చేస్తున్నట్టే, పధ్నాలుగు వచ్చిన వారం చూసి పొంగిపోవద్దు, ఏడు వచ్చిన వారం చూసి నోట్‌బుక్ అటకెక్కించొద్దు.

దీని గురించి కాస్త మనసు విప్పి చెప్తాను. మేముండేది అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని ఫ్రిస్కోలో, డాలస్ కౌబాయ్స్ ప్రాక్టీస్ చేసేది మా ఊళ్ళోనే, ఇక్కడి తెలుగు పిల్లలు ఆదివారం ఆ జెర్సీలు వేసుకునే బయటికొస్తారు. 2023 సీజన్‌లో కౌబాయ్స్ 509 వేసి 315 ఇచ్చారు, ప్లస్ 194, సొంత గ్రౌండ్‌లో ఎనిమిదికి ఎనిమిది గెలిచారు. ప్లేఆఫ్స్‌లో ప్రత్యర్థి గ్రీన్ బే, 383 వేసి 350 ఇచ్చింది, ప్లస్ 33. మన లెక్కలో 8.8 లోంచి 1.5 తీస్తే 7.3, గ్రౌండ్ 2 కలిపితే 9.3, అంటే 75 శాతం. ఆ రోజు, 2024 జనవరి 14, మా ఇంట్లో పన్నెండు మంది కూర్చుని చూస్తున్నాం, సెకండ్ క్వార్టర్ అయ్యేసరికల్లా 27-7 గ్రీన్ బే. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆఖర్లో రెండు టచ్‌డౌన్లు వచ్చినా 48-32తో ఓడిపోయాం. మర్నాడు నోట్‌బుక్ తీసి లెక్క మళ్ళీ మొదటి నుంచి వేశాను, తప్పు దొరకలేదు. 75 శాతం అంటే నాలుగింట ఒకటి పోవాలి, పోయింది. ఊరి టీమ్ మీద ప్రేమ ఉంటే ఉండనివ్వండి, దానికోసం 75ని 90 చెయ్యకండి, ఓడారన్న బాధలో వచ్చే ఏడాది 60 కూడా చెయ్యకండి.

ఈ వారం మీ పని. సోమవారం రాత్రి మ్యాచ్ అయ్యాక 32 టీమ్‌ల వేసినవీ ఇచ్చినవీ రాసుకుని నంబర్లు కట్టండి, గంట పడుతుంది, రెండో వారం నుంచి ఇరవై నిమిషాలే. నోట్‌బుక్‌లో ఐదు గడులు గీయండి: మ్యాచ్, మన తేడా, శాతం, లైన్, ఫలితం. గురువారం మ్యాచ్ ముందే పూర్తి చెయ్యాలి, అది ఇండియాలో శుక్రవారం తెల్లారి పడుతుంది, మర్చిపోయేది దాన్నే. శాతాల ప్రకారం పైనుంచి కిందకి పేర్చి 16 నుంచి 1 దాకా పంచండి, రెండు మ్యాచ్‌లకి ఒకే శాతం వస్తే మీరు గెలుస్తుందన్న టీమ్ సొంత గ్రౌండ్‌లో ఆడే మ్యాచ్‌ని పైన పెట్టండి. రాసింది కొట్టెయ్యకండి, ఇంజ్యురీ వల్ల మార్చాల్సి వస్తే పక్కన తారీఖు వేసి కొత్త శాతం రాయండి, పాతది కనపడాలి, నాలుగో పాఠంలో మనకి రెండూ కావాలి.

నాలుగో పాఠంలో ప్రత్యర్థుల బలం కలపడం చూద్దాం, బలహీనులని చితక్కొట్టి సంపాదించిన ప్లస్ 60కీ బలవంతులతో తలపడి తెచ్చుకున్న ప్లస్ 60కీ ఈ పాఠంలోని లెక్క తేడా చూపించదు. అప్పటికి మీ దగ్గర కనీసం ఒక్క వారం నిండిన గడులు ఉండాలి.